తెలుగు రాత పరీక్షల మార్కులు: పాఠం మార్చడానికా, సారును తిట్టడానికా?

టవర్‌క్లాక్ (అనంతపురం)
మా పాపది ఈ ఏడు పదో తరగతి. ఒక ప్రైవేటు స్కూలు. ప్రీఫైనల్ తెలుగులో 88 వచ్చింది. పోయిన వారం మా అమ్మ పాస్‌బుక్ పోయింది, బ్యాంకు మేనేజరుకు నాలుగు ముక్కలు రాయి తల్లీ అంటే, అరగంట పెన్ను కొరికి "గౌరవనీయులైన" దగ్గరే ఆగిపోయింది. పరీక్షలో మాత్రం లేఖకు ఎనిమిదికి ఏడు!
ఎఫ్‌ఏలని చిన్న పరీక్షలు, ఎస్‌ఏలని పెద్ద పరీక్షలు, ప్రీఫైనల్ అని ఏడాదంతా రాయిస్తున్నారు. మార్కులన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నారు. అవి చూసి మరుసటి వారం పాఠం మార్చిన సారు ఒక్కరైనా ఉన్నారా? ఏ ప్రశ్నలో ఎంతమంది తప్పారో తీస్తే ఏం నేర్పాలో తెలిసిపోదా?

పాతపండిట్ (కర్నూలు)
రిటైరయ్యాను కాబట్టి ధైర్యంగా చెబుతా. పిల్లలు ఎక్కడ తప్పుతారో తెలియడానికి కంప్యూటరు ఎందుకు నాయనా? మొదటి ఐదు కాగితాలు దిద్దేసరికి తెలిసిపోతుంది.
ఇక పబ్లిక్ పరీక్ష సంగతి. స్పాట్‌లో, అంటే అందరి కాగితాలు ఒకచోట చేర్చి దిద్దే క్యాంపులో, మనిషికి రోజుకు 40 పేపర్లు. దిద్దిన కాగితం మళ్లీ బడి ముఖం చూడదు. మార్కుల మెమోలో "తెలుగు 61" అని వస్తుంది. అందులో పద్యం ఎంత, సంధులు, సమాసాలు ఎంత, పిల్లవాడు సొంతంగా రాసిందెంత? ఆ ఒక్క అంకె పట్టుకుని జూన్‌లో నేనేం మార్చాలి? జవాబు పత్రం నకలు కావాలంటే సబ్జెక్టుకు వెయ్యి రూపాయలు కట్టాలి. కూలికి పోయేవాళ్లు ఎవరు కడతారు?
దేశమంతా పిల్లల చదువు ఎట్లుందో చూసే ఢిల్లీ వాళ్ల పరఖ్ సర్వే 2024 డిసెంబర్ 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు జరిగింది. అంతా గళ్లు నింపడమే. పిల్లల చేత ఒక్క వాక్యం రాయించలేదు. రాయించని రాతకు విశ్లేషణ ఎక్కడిది?

చెనిక్కాయ (ధర్మవరం)
మేనేజరుకు లేఖ రాయడం మా మేనేజరుకే రాదు.

బుగ్గవంక (కడప)
అసలు జబ్బు ఇది కాదు. వత్తులు. మా అల్లుడు బీటెక్, వాట్సాప్‌లో "అద్యక్షుడు" అని పెడతాడు. ళ ఎక్కడో ల ఎక్కడో తెలియదు. ముందు వత్తులు సరిచేయండి, లేఖలు తర్వాత.

టవర్‌క్లాక్
పబ్లిక్ వదిలేయండి పండిట్ గారూ. ఎఫ్‌ఏ కాగితాలు మీ చేతిలోనే ఉంటాయి కదా. లేఖకు ఎనిమిది మార్కులని ఒకే అంకె వేసే బదులు విషయానికి ఇన్ని, వరసకు ఇన్ని, వాక్యానికి ఇన్ని, అక్షర దోషాలకు ఇన్ని అని విడగొట్టండి. తరగతి మొత్తం వరసలో తప్పుతోందా, అక్షరాల్లో తప్పుతోందా అని ఒక పేజీలో కనిపిస్తుంది.

బుగ్గవంక
అక్షరాల్లోనే. నేను ముందే చెప్పా.

పాతపండిట్
రెండు సెక్షన్లు, నూటపది మంది. దిద్దాలి, రిజిస్టరులో ఎక్కించాలి, మళ్లీ ఆన్‌లైన్‌లో కొట్టాలి, సర్వరు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. దానికి నాలుగు గళ్లు కలిపితే నాలుగు నూర్ల నలభై అంకెలు. సరే, చేశామనుకో. ఒక పిల్లవాడు "మా నాయన సుగ్గికి పోయినాడు, అవ్వ దగ్గర ఉండాను" అని రాశాడు. దిద్దిన కొత్త టీచరమ్మ కోస్తా నుంచి వచ్చింది. సుగ్గి కింద ఎర్రగీత, ఉండాను కింద ఎర్రగీత. నీ పట్టికలో వాడు "అక్షర దోషాలు" గడిలో పడతాడు. నన్నడిగితే ఆ తరగతిలో మంచి వాక్యం అదే.

కోసిగి_కుర్రోడు
సుగ్గి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా దిక్కున సుగ్గి అంటే వలస. సంక్రాంతి చుట్టుపక్కల ఊరు ఊరంతా గుంటూరు వైపు మిరప కోతలకు పోతుంది. నేను తొమ్మిదిలో రెండు నెలలు అట్లే పోయినా. ఇంట్లో కన్నడ, బడిలో తెలుగు, పొలంలో మళ్లీ ఇంకో తెలుగు.
2024 పది ఫలితాల్లో రాష్ట్రమంతా 86.69 శాతం, పార్వతీపురం మన్యం 96.37 తో మొదట, మా కర్నూలు 62.47 తో చివర. టీవీలో రోజంతా అదే. ఎవరు గుంటూరులో ఉన్నారో, ఎవరు బడిలో ఉన్నారో ఆ శాతంలో ఉందా? మా సార్లను మాత్రం మీటింగులకు పిలిచారు.

బుగ్గవంక
వలస పోయినా వత్తు వత్తే కదా తమ్ముడూ.

కోసిగి_కుర్రోడు
మిరపకాయ కోసి చూడన్నా, చేతికి వత్తు తెలుస్తుంది.

తాడిపత్రి_టు_డల్లాస్
ఇక్కడా ఈ తంటా ఉండింది. కాలేజీ సీటుకు రాసే శాట్ పరీక్షలో 2005లో 25 నిమిషాల వ్యాసం పెట్టారు. ఎంఐటీలో రాత నేర్పే లెస్ పెరల్‌మాన్ మార్కులు వేసిన వ్యాసాలు కొన్ని తిరగేస్తే, పొడవు చూసే మార్కు ఊహించగలిగాడు. తప్పుడు సంగతులు రాసినా మార్కు తగ్గలేదట. 2016లో ఆ వ్యాసం ఇష్టమైతే రాయొచ్చన్నారు, 2021లో ఎత్తేశారు. ఒకటి మాత్రం బాగుంది. ఇక్కడి చాలా రాష్ట్రాల రాత పరీక్షల్లో ఒక్కో స్థాయికి నమూనా కాగితాలు బయటపెట్టి, దీనికి ఈ మార్కు ఎందుకో పక్కన రాస్తారు. అంకె కాదు, కాగితం చూపిస్తారు.

టవర్‌క్లాక్
చూశారా, చేసేవాళ్లు చేస్తున్నారు. మన దగ్గర మాత్రం టైము లేదు, సర్వరు తిరగదు, కోస్తా టీచరమ్మ, సుగ్గి... మాటకొక సాకు. పండిట్ గారూ, కోపగించుకోకండి. లెక్క బయటికొస్తే ఎవరు చెబుతున్నారో ఎవరు చెప్పడం లేదో తెలిసిపోతుందని మీవాళ్లకు భయం. అంతే.

పాతపండిట్
అవును, భయమే. ఎందుకో విను.
నువ్వు చెప్పిన పట్టిక ఒక ఏడాది నేనే వేశాను. ఎవరూ అడగలేదు, నా ముచ్చట కొద్దీ. చార్టు కాగితం మీద, స్కెచ్ పెన్నులతో. సొంతంగా రాసే ప్రశ్నలు సగం మంది వదిలేస్తున్నారని తేలింది. సంబరంగా మీటింగుకు తీసుకుపోయి చూపించాను. వారం తిరగకముందే ఒక అధికారి నుంచి కాగితం: "మీ తరగతిలో సగం మంది రాయలేకపోవడానికి సంజాయిషీ ఇవ్వండి." నా అంకెలే, నా మీదికే. పక్క బడిలో పట్టిక వేయని సారుకు ఏ కాగితమూ రాలేదు.
ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ఎఫ్‌ఏలో అందరికీ బాగానే వేశాను. ఒక్క సంజాయిషీ మెమో రాలేదు. ఇదీ నీ డేటా.

చెనిక్కాయ
...

టవర్‌క్లాక్
అంటే మా పాప ఏడు మార్కులూ అట్లాంటివేనా?
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ మీరు భయపడి వేసిన మార్కును నా బోటి తండ్రి నిజమనుకున్నాడు. నేను ట్యూషన్ కూడా పెట్టలేదు, 88 వస్తోంది కదా అని. మీకు మెమో తప్పింది. తప్పనిది ఎవరికి సార్?

పాతపండిట్
తెలుసు. రాత్రిళ్లు అదే గుర్తొస్తుంది.
పాప కాగితం ఇంట్లో ఉందా? పేరు, నంబరు కనిపించకుండా ఆ లేఖ పేజీ ఒక్కటి పెట్టు.

టవర్‌క్లాక్
సంతకానికి ఇచ్చారు, ఇంకా వెనక్కి పంపలేదు. పెట్టాను. ప్రశ్న: మీ ఊరి విశేషాలు తెలుపుతూ స్నేహితురాలికి లేఖ.

పాతపండిట్
చదివాను. అనంతపురం పిల్ల "మా ఊరి ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం చల్లగాలి" అని రాసింది. గైడులో ఉత్తరం విజయవాడది, పైన ఊరి పేరు కూడా మార్చలేదు. అక్షర దోషం ఒక్కటీ లేదు. నువ్వు విడగొట్టమన్న నాలుగు గళ్లలోనూ నిండుగా వస్తాయి, గమనించావా? కింద నుంచి మూడో వరుస చూడు. "మా మిద్దె మీద అవ్వ చెనిక్కాయలు ఎండబోస్తుంది, కాకుల్ని తోలే పని నాది." దిద్దినవాళ్లు దాని చుట్టూ సున్నా చుట్టి "అనవసరం" అని రాశారు. పోయిన ఆ ఒక్క మార్కు అక్కడే.
నేనైతే రేపు తరగతిలో ఆ వరుస బోర్డు మీద రాసి, ఇక్కడి నుంచి మొదలుపెట్టండి అంటాను.

టవర్‌క్లాక్
పాపను అడిగాను, ఆ వరుస ఎందుకు రాశావని. "గైడులో ఆ చోట ఏముందో మర్చిపోయా నాన్నా, ఏదో ఒకటి రాసేశా" అంది.

బుగ్గవంక
మిద్దెకు వత్తు సరిగ్గా పెట్టింది. అది ఎవరూ చూడలేదు.