పాదహస్తాసనంలో మోకాళ్ళు వంచవచ్చా? కొత్తవారికి గురువు తప్పనిసరా?

మల్లెతీగ:
నాకు 44 ఏళ్ళు. అత్తగారిని చూసుకోవాలి కాబట్టి తెల్లవారుజామున తరగతికి వెళ్ళే వీలు లేదు. ఆయుష్ మంత్రిత్వ శాఖ రూపొందించిన 45 నిమిషాల కామన్ యోగా ప్రొటోకాల్ వీడియో చూసి ఇంట్లోనే మొదలుపెట్టాను. నిలబడి ముందుకు వంగి చేతులు పాదాల దగ్గర నేలకు ఆనించే పాదహస్తాసనంలో మోకాళ్ళు నిటారుగా ఉంచితే తొడల వెనుక విపరీతంగా లాగుతున్నది, చేతులు నేలకు అందడం లేదు. మోకాళ్ళు కొద్దిగా వంచితే తప్పా? గురువు లేకుండా నేర్చుకోవడం ప్రమాదమా?

ఓరుగల్లు వాసి:
రెండింటికీ అవుననే నా సమాధానం. చాలా ఏళ్ళుగా నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను. మీరు వీడియోను చూస్తారు గాని వీడియో మిమ్మల్ని చూడదు. త్రికోణాసనంలో మోకాలు లోపలికి తిరిగిపోయినా, భుజంగాసనంలో మెడను వెనక్కి విరిచి బరువంతా నడుము మీద వేసినా ఆ సంగతి మీకు తెలియదు. ఇక మోకాళ్ళు వంచితే అది పాదహస్తాసనమే కాదు.

గట్టుమీది చెట్టు:
వంచడమే మంచిది, కారణం చెబుతాను. తొడ వెనుక కండరాలు పై కొసన ‘కూర్చునే ఎముక’కు, అంటే కూర్చున్నప్పుడు పిరుదు కింద ఆనే ఎముకకు, అతుక్కొని ఉంటాయి. అవి బిగుసుకొని ఉంటే కటి (తుంటి ఎముకల గూడు) ముందుకు తిరగదు, ఆ కొరత తీర్చడానికి నడుము గూనిలా వంగి వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద భారం పడుతుంది. మోకాళ్ళు కాస్త సడలిస్తే కటి తిరుగుతుంది, వెన్ను సాగుతుంది. యోగసూత్రాల్లో పతంజలి ‘స్థిరసుఖమాసనమ్’ (ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలి) అన్నది ఊరికే కాదు.

ఓరుగల్లు వాసి:
ఆ సూత్రం ధ్యానానికి కూర్చునే ఆసనాన్ని గురించినది. నిలబడి వంగే ఆసనానికి దాన్ని సాక్ష్యంగా తేవడం సరికాదు.

సాగరతీరం:
2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వరకు లక్షల మందిమి ఇదే ప్రొటోకాల్ చేశాము. ఒక్కొక్కరి పక్కన ఒక్కొక్క గురువు నిలబడలేదు.

వేపపువ్వు:
అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. గుండె జబ్బు, డిస్క్ సమస్య, హెర్నియా, గ్లాకోమా (నీటికాసులు), కళ్ళు తిరగడం వంటివి ఉన్నవారు, గర్భిణులు ఈ ఆసనం చేయకూడదని ఆ ప్రొటోకాల్ పుస్తకంలోనే ఉన్నది. వెన్ను బిగుసుకున్నవారు శక్తి మేరకే వంగాలని కూడా ఉన్నది.

ఓరుగల్లు వాసి:
శక్తి మేరకు వంగమన్నారు గాని మోకాళ్ళు వంచమనలేదు.

గట్టుమీది చెట్టు:
మీరు ఆ మోకాళ్ళ దగ్గరే ఆగిపోయారు కాబట్టి నా సంగతి చెబుతాను. ఒక ఉచిత శిబిరంలో శిక్షకుడు నన్ను అడగకుండా వెనుక నుంచి వచ్చి, నడుము మీద రెండు చేతులు వేసి కిందికి నొక్కాడు. పిరుదు కింద పటుక్కుమన్నది. నెలల తరబడి కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోయాను. నాకు దెబ్బ తగిలింది గురువు లేనందువల్ల కాదు.

ఓరుగల్లు వాసి:
ఎవరో చేసిన పనికి గురువులందరినీ నిందించడం అన్యాయం. చేయి వేసి సరిదిద్దకుండా ఏ గురువూ నేర్పలేడు. ప్రతివారినీ అడుగుతూ కూర్చుంటే సగం మంది వద్దంటారు. శిష్యుడికి తన హద్దు తెలిస్తే ఇక గురువు దేనికి?

మల్లెతీగ:
ఓరుగల్లు వాసి గారూ, మీ ఈ మాటతో నేను దాచుకున్నది చెప్పక తప్పడం లేదు. మా వీధిలోనే సాయంత్రం తరగతి ఉన్నది, ఆ వేళకు మా వారు ఇంట్లోనే ఉంటారు. అయినా వెళ్ళనిది ఎందుకంటే, నేను “చాలు” అన్నచోట అక్కడివారు ఆపుతారన్న నమ్మకం నాకు లేదు. నా ఒంటికి ఎంత చాలో నేను చెబితే వినే గురువు దొరికితే రేపే చేరతాను.

ఓరుగల్లు వాసి:
నొప్పి అన్నవారిని నేనెన్నడూ నొక్కలేదమ్మా. కాని బద్ధకానికీ నొప్పికీ తేడా కనిపెట్టవలసింది గురువే, ఆ మాట వదులుకోను.

గట్టుమీది చెట్టు:
మనకు తేడా వచ్చింది అక్కడే. కండరం మధ్యలో నెమ్మదిగా లాగడం వేరు, కీలులో గాని కూర్చునే ఎముక దగ్గర గాని చురుక్కుమనడం వేరు. తిమ్మిరి ఎక్కితే వెంటనే ఆపాలి. అది లోపల ఉన్నవారికే తెలుస్తుంది, బయటివారు అడిగి తెలుసుకోవలసిందే.

మల్లెతీగ గారూ, ప్రస్తుతానికి నేలను మరచిపోండి. ముందు ప్రొటోకాల్‌లోని సడలించే కదలికలు చేయండి. తరువాత కుర్చీ ముందు నిలబడి, మోకాళ్ళు కాస్త సడలించి, గాలి వదులుతూ తుంటి దగ్గర వంగి, అరచేతులు కుర్చీ మీద ఆనించండి. ఒక చేత్తో నడుము తడిమి చూసుకోండి, గూనిలా తేలితే కొంచెం పైకి రండి. లేచేటప్పుడు గాలి పీలుస్తూ నెమ్మదిగా లేవండి. కుర్చీ జారకుండా దాని వెనుక కాళ్ళు గోడకు ఆనించి పెట్టండి.