అప్‌డేట్: బీపీ ఉన్న నాన్న అలిపిరి మెట్లు ఎక్కొచ్చా?

నాలుగు మెట్లెక్కగానే నాన్నకు గుండె దడ వస్తోంది, కొండకు నడిచి వెళ్లొచ్చా అని అప్పుడు అడిగాను. ముందు డాక్టరుకు చూపించమన్నారు కదా, చూపించాం. ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్ట్ బాగానే ఉన్నాయి. వెళ్లొచ్చు, కానీ కొన్నాళ్లు నడక అలవాటయ్యాకే అని డాక్టరు అన్నారు.

మెట్లెక్కేటప్పుడు తొడ కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, అందుకే గుండె జోరందుకుంటుందట. రోజూ నడిచేవాళ్లకు గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది, కాబట్టి అంత పరుగు అక్కర్లేదు. నాన్న వేసుకునే బీపీ మాత్ర నాడిని తగ్గించి ఉంచే రకం. అందుకే వాచీలో నాడి అంకె తక్కువ చూపిస్తోందని మురిసిపోవద్దని గట్టిగా చెప్పారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. వారానికి 150 నిమిషాలు చాలు. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా వెంటనే ఆగిపోవాలి.

కపిలతీర్థం వైపు పొద్దున్నే నడక మొదలుపెట్టారు. పోయిన నెల 3,550 మెట్లూ ఎక్కేశారు! గాలిగోపురం దగ్గర మాత్రం చాలాసేపు కూర్చున్నారు. దిగేటప్పుడు బస్సెక్కమంటే వింటేగా. మర్నాడు కుర్చీలోంచి లేవాలంటే అమ్మ చెయ్యి కావాల్సొచ్చింది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది, ఆ నొప్పి ఒకట్రెండు రోజుల తర్వాతే బాగా తెలుస్తుంది.

ఇప్పుడు కొండకు ఉన్న ఇంకో నడకదారి, శ్రీవారి మెట్టు అంటున్నారు. మెట్లు తక్కువే గానీ నిటారు ఎక్కువ. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.