‘హై అండ్ లో’ (1963): సబ్‌టైటిల్స్ రానురాను వెనకబడుతున్నాయి

స్పైక్ లీ 2025 రీమేక్ చూసేలోపు జపాన్ దర్శకుడు కురొసావా తీసిన అసలు సినిమాని నాన్నతో కలిసి చూడాలని నా ఆశ. 143 నిమిషాల సినిమా. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మొదట్లో సరిగ్గానే పడుతున్నాయి. గంటకి 3.5 సెకన్లు, రెండు గంటలకి 7 సెకన్లు ఆలస్యం. రైల్లో హీరో గోండోకి ఫోన్ వచ్చే సీన్‌లో, ఆ పాత్ర వేసిన మిఫునే ముఖం మారిపోయాక గానీ కింద మాట పడట్లేదు. ఊపిరి బిగబట్టి చూడాల్సిన చోటే ఇలా!

వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో జీ కీ నొక్కి సబ్‌టైటిల్స్ ముందుకి జరిపాను. కాసేపు బాగుంటుంది, మళ్లీ వెనకబడతాయి. ఇంకో రెండు ఎస్ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైళ్లు పెట్టి చూశాను, అదే తేడా.

ఇలా క్రమంగా పెరిగే ఆలస్యాన్ని ఫైల్ మొత్తానికి ఒకేసారి సరిచేయాలంటే ఏ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఏ సెట్టింగ్ మార్చాలి?