ఎలుకకు హాని కనిపించని మోతాదు మనిషికీ సరిపోతుందా? ఆర్‌డీఎక్స్ అధ్యయనంపై సందేహం

ప్రశ్న:
నమస్కారమండీ. టాక్సికాలజీ (విషపదార్థాల శాస్త్రం) కొత్తగా చదువుతున్నాను. పేలుడు పదార్థం ఆర్‌డీఎక్స్‌ను ఫిషర్ 344 అనే రకం ఎలుకలకు 24 నెలలు మేతలో కలిపి పెట్టిన అమెరికా అధ్యయనం చూస్తున్నాను. కిలో బరువుకు రోజుకు 0.3, 1.5, 8, 40 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చారు. 0.3 దగ్గర హాని కనిపించలేదట. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 18 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదా? రేపు క్లాసులో చెప్పాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
దయచేసి 18 అని మాత్రం చెప్పకండి. 0.3 అనేది ఎలుకల లెక్క. ఎలుకకూ మనిషికీ ఉన్న తేడా కోసం దాన్ని పదోవంతుకు, మనుషుల్లోనే పిల్లలు, జబ్బుపడ్డవాళ్లు ఉంటారు కనుక మళ్లీ పదోవంతుకు తగ్గిస్తారు. అలా ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) మనుషులకు మొదట కిలో బరువుకు రోజుకు 0.003 మిల్లీగ్రాములు అని పెట్టింది. ఆయుధ కర్మాగారాలు, ఫైరింగ్ రేంజ్‌ల దగ్గర ఆర్‌డీఎక్స్ మట్టిని పెద్దగా పట్టుకోకుండా భూగర్భ జలాల్లోకి దిగిపోతుంది. ఈ లెక్కంతా ఆ నీళ్లు తాగేవాళ్ల కోసం, కాబట్టి వంద రెట్ల పొరపాటు చిన్నది కాదు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. 1.5 దగ్గరే మగ ఎలుకల ప్రొస్టేట్‌లో చీముతో వాపు కనిపించింది కదా. మరి 2018లో ఈపీఏ దాన్ని కాదని ఫిట్స్‌ను ఎందుకు ఆధారం చేసుకుంది?

జవాబు:
మంచి ప్రశ్న. ఆర్‌డీఎక్స్ మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే గాబా గ్రాహకాలను అడ్డుకుంటుంది, ఫిట్స్‌కు మూలం అదే. కర్మాగార కార్మికులకూ, వియత్నాం యుద్ధంలో సీ-4 (ఆర్‌డీఎక్స్‌తో చేసే పేలుడు పదార్థం) మింగిన సైనికులకూ ఫిట్స్ వచ్చాయి. మనుషుల్లోనూ కనిపించిన హాని కాబట్టి దానికి బలం ఎక్కువ.

ఇంకో విషయం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. మీరు చూస్తున్న అధ్యయనంలో ఫిట్స్ 40 దగ్గర వచ్చాయి. ఈపీఏ తీసుకున్న 90 రోజుల అధ్యయనంలో మాత్రం 8 దగ్గరే మొదలయ్యాయి. అక్కడ ఆర్‌డీఎక్స్‌ను గొట్టంతో నేరుగా కడుపులోకి ఒకేసారి ఎక్కించారు. మేతలో అయితే కొంచెం కొంచెంగా లోపలికి పోతుంది. అందుకే ఎంత ఇచ్చారన్నదే కాదు, ఎలా ఇచ్చారన్నదీ చూడండి. 40 మోతాదులో చాలా ఎలుకలు గడువుకు ముందే చనిపోయాయి. ఆ గుంపు ఫలితాలను చదివేటప్పుడు జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు:
అయితే 60 కిలోలకు 0.18 మిల్లీగ్రాములని రాసుకోనా?

జవాబు:
పాత విలువ ప్రకారం అంతే. 2018లో 0.004 చేశారు కాబట్టి ఇప్పుడు 0.24 వస్తుంది. ఏది రాసినా పక్కనే ఏ విలువతో లెక్కకట్టారో రాయండి.