తమ్ముడి బైక్ యాక్సిడెంట్: రెండు లక్షలు తీసుకుని సంతకం పెట్టమంటున్నారు, ఏం చేయాలి?

పెద్దోడు_ఎర్రగుంట్ల

నమస్కారం. మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర ఒక పల్లె. మా తమ్ముడు పోయి నేటికి నలభై మూడు రోజులు. వయసు 29. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ దగ్గర పని చేసేవాడు. ఆ రోజు పని దిగి రాత్రి తొమ్మిదిన్నరప్పుడు బైక్ మీద ఇంటికి వస్తున్నాడు. ప్రొద్దుటూరు రోడ్డులో రాళ్ల లోడుతో పోతున్న ట్రాక్టర్ టైరు పంచరై ఆగిపోయింది. డ్రైవరు దాన్ని సగం రోడ్డు మీదే వదిలేసి పంచరు వేసే మనిషి కోసం పోయాడు. ట్రాలీకి వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరు లేదు. బండి ఆగిపోతే ఎవరైనా వెనకాల నాలుగు కొమ్మలో రెండు రాళ్లో పెడతారు కదా, అదీ లేదు. పక్కన టీ బంకు ఆయన చెప్పినదాన్ని బట్టి, ఎదురుగా ఏదో బస్సు ఫుల్ లైట్లు వేసుకుని వచ్చింది, అది దాటగానే పెద్ద శబ్దం వినిపించింది. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

హెల్మెట్ పెట్టుకోలేదు. అది ఇంట్లో తలుపు పక్కన మేకుకే ఉంది. ఇప్పటికీ ఎవరమూ దాన్ని తియ్యలేదు.

ఫిర్యాదు ఇచ్చే స్థితిలో నేను లేను. మా చిన్నాన్న ఏదో చెప్పాడు, వాళ్లు రాసుకున్నారు. ఎఫ్‌ఐఆర్‌లో ‘ఆగి ఉన్న ట్రాక్టర్‌ను వెనక నుంచి ఢీకొట్టాడు’ అని ఉంది. లైట్లు లేని సంగతి ఒక్క ముక్క కూడా లేదు. పైగా తాగి ఉన్నాడని ఊళ్లో పుకారు పుట్టించారు. వాడికి ఆ అలవాటే లేదు.

మొన్న ఆదివారం ట్రాక్టర్ ఓనరు తరఫున నలుగురు పెద్దమనుషులు ఇంటికొచ్చారు. రెండు లక్షలు ఇస్తాం, స్టాంపు పేపరు మీద ‘మా పిల్లోడిదే తప్పు, ఇక ఏ కేసూ లేదు’ అని రాసివ్వమన్నారు. కోర్టుకు పోతే పదేళ్లు, చేతికి వచ్చేది సున్నా అన్నారు. బుధవారం లోపు చెప్పాలంట. దినాలకే లక్షా పది వేలు అప్పయింది, అమ్మ తీసుకుందామంటోంది.

ఇంకో మాట. మా మరదలు మూడేళ్ల పాపను తీసుకుని పుట్టింటికి ముద్దనూరు వెళ్లిపోయింది. ఆమె పేరు లేకుండా అమ్మ పేరు మీదే కేసు వేయొచ్చని బంధువులు అంటున్నారు. తమ్ముడికి నెలకు 18 వేలు వచ్చేది, అంతా చేతికే ఇచ్చేవాళ్లు, రసీదు లేదు. బైక్ వాడి పేరు మీదే ఉంది, లైసెన్సు ఉంది, బైక్ ఇన్సూరెన్స్ మాత్రం పోయినేడాది అయిపోయింది. మాకేమైనా దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రి నిద్ర పట్టడం లేదు.

గుత్తి_అక్క

అన్నా, ముందు ఆ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టొద్దు. బుధవారం కాదు, ఏ వారమూ పెట్టొద్దు. ‘మా పిల్లోడిదే తప్పు’ అని మీరే రాసిచ్చాక ఇక కోర్టులో మీరు మాట్లాడేదేముంటుంది?

మా ఆయన 2018లో పోయాడు. గుత్తి దగ్గర హైవే మీద లారీ తగిలింది. బేల్దారి పని చేసేవాడు. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు, ఇద్దరు పిల్లలు. మార్చురీ బయట నేను నేల మీద కూర్చుని ఉంటే ఒకతను వచ్చి ‘అమ్మా, అంతా నేను చూసుకుంటా’ అని తెల్ల కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. వచ్చినదాంట్లో ముప్పై శాతం ఇవ్వాలని తర్వాత తెలిసింది. ఎనిమిది నెలలు కేసు వేయనే లేదు. మీ ఇంటికి కూడా అలాంటివాళ్లు వచ్చే ఉంటారు, లేదంటే వస్తారు. ఖాళీ కాగితం మీద ఏ సంతకమూ చేయొద్దు.

చివరికి అనంతపురం కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉందని మా పిల్లల టీచర్ చెబితే వెళ్లాను. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. అన్ని జిల్లా కోర్టుల్లోనూ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. నాకు ఇచ్చిన లాయరమ్మ మొదటి రోజే అడిగింది, ‘ఆయన సంపాదన ఎంతో చెప్పే కాగితం ఏదైనా ఉందా’ అని. ఏముంటుంది? బేల్దారికి జీతం చీటీ ఎవరిస్తారు?

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె మొత్తం కింద పోశాను. అందులో ఆయన లెక్కల పుస్తకం దొరికింది. పిల్లల లాంగ్ నోటుబుక్కు, వెనక పేజీల్లో పెన్సిల్‌తో తేదీ, ఇంటి ఓనరు పేరు, కూలి, అడ్వాన్సు. కొన్ని పేజీలకు సున్నం అంటుకుని ఉంది. ఆ పుస్తకం, మేం ప్రతి నెలా కట్టిన డ్వాక్రా కంతుల పాసుపుస్తకం, ఆయన చేత ఇల్లు కట్టించుకున్న ఒక ఓనరు సాక్ష్యం, ఇవే మా కేసును నిలబెట్టాయి. బోనులో నిలబడితే ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు ‘నెలలో ఎన్ని రోజులు పనికి పోయేవాడు’ అని నాలుగు రకాలుగా అడిగాడు. నేను ఆ పుస్తకం చూపించి చెప్పాను. జడ్జిగారు ఒక్కో పేజీ తిప్పి చూశారు.

మీ తమ్ముడి ఫోన్ ఎవరి దగ్గరుంది? ఫ్యాక్టరీ ఓనరు ఒక్కసారైనా ఫోన్‌పే చేసి ఉంటాడు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. పక్క మిషన్ మీద పనిచేసిన వాళ్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. ఏడాది పోతే వాళ్లూ ఊళ్లు మారతారు.

ఇక మీ మరదలి గురించి. అన్నా, కోపం తెచ్చుకోవద్దు. ఆమె పేరు, పాప పేరు ముందు, మీ అమ్మ పేరు తర్వాత. ముగ్గురూ కలిసే వేయాలి. నన్ను కూడా మా అత్తగారింట్లో అలాగే పక్కన పెట్టాలని చూశారు. భర్త పోయిన నెలలోనే ఆడపిల్ల పుట్టింటికి వెళ్లిందంటే ఆ ఇంట్లో ఉండలేక వెళ్లి ఉంటుంది, మీ వాడిని వద్దనుకుని కాదు. ఆమెను దాచిపెట్టి కేసు వేస్తే అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో బయటపెడతాడు, మధ్యలో నలిగేది మూడేళ్ల పాప. పిల్లల వాటా కోర్టువాళ్లు మేజరయ్యేదాకా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయిస్తారు, దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. నా కూతురి ఫీజుకు ఈరోజు ఆ వడ్డీయే దిక్కు.

మా తీర్పు 2022లో వచ్చింది, డబ్బు 2023లో చేతికొచ్చింది. ఆలస్యమైన మాట నిజమే. సున్నా మాత్రం కాదు.

కర్నూలు_వకీలు

పన్నెండేళ్లుగా కర్నూలులో ఈ ఎంవీ ఓపీలే, అంటే రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులే చూస్తున్నాను. పై అక్కగారు చెప్పినదంతా సరైనది, చట్టం సంగతి నేను కలుపుతాను.

వెనక నుంచి గుద్దితే తప్పంతా బైకు వాడిదే అన్నది నిజం కాదు. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని, ట్రాలీని రోడ్డు మీద వదలకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెప్తుంది. చీకట్లో లైటు లేకుండా సగం రోడ్డు ఆక్రమించిన ట్రాలీ కేసుల్లో ట్రిబ్యునళ్లు (ఈ పరిహారం కేసులు చూసే కోర్టులు) తప్పును ఇద్దరి మధ్య పంచడం మామూలే. ఎవరికి ఎంత అన్నది సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి టీ బంకు ఆయన మీకు బంగారం లాంటి సాక్షి. ఆయన స్టేట్‌మెంట్ రాసుకోమని దర్యాప్తు అధికారికి అర్జీ ఇచ్చి, కాపీ మీద రసీదు తీసుకోండి. స్టేషన్లో పట్టించుకోకపోతే ఎస్పీగారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ రాత్రి ఎవరైనా సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీశారేమో వెతకండి. ట్రాలీ వెనక భాగం కనిపించే ఒక్క ఫొటో చాలు. ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, ప్రమాద స్థలం స్కెచ్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు తీసుకోండి. తాగాడన్న పుకారుకు పోస్ట్‌మార్టం రిపోర్టే జవాబు. హెల్మెట్ లేనంత మాత్రాన క్లెయిమ్ పోదు. మీ బైక్ ఇన్సూరెన్స్ అయిపోయినా ట్రాక్టర్ మీద వేసే కేసుకు అడ్డం రాదు. అది ఉండి ఉంటే ఓనర్ కమ్ డ్రైవర్ (సొంత బండి నడిపే ఓనరు) ప్రమాద బీమా 15 లక్షలు వేరుగా అడిగేవాళ్లం, ఆ దారి ఇప్పుడు లేదు.

ట్రాక్టర్ నంబరు, ట్రాలీ నంబరు రెండూ రాసుకోండి, రెండింటికీ వేర్వేరు రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్స్ ఉందో లేదో తెలుస్తుంది. ట్రాలీకి పాలసీ లేదనో, వ్యవసాయ ట్రాక్టర్‌తో రాళ్లు తోలారనో కంపెనీ కచ్చితంగా వాదిస్తుంది. అలాంటి చోట చాలాసార్లు ముందు బాధితులకు కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ఉత్తర్వు వస్తుంది. అసలు ఇన్సూరెన్సే లేకపోతే ఓనరే కట్టాలి. రెండు లక్షలకు అంత తొందర పడుతున్నారంటే నాకు ఆ అనుమానమే వస్తోంది. ట్రాక్టర్ ఇంకా స్టేషన్లోనే ఉంటే వెంటనే కదలండి, ఇన్సూరెన్స్ లేని బండిని సెక్యూరిటీ కట్టించుకోకుండా వదలకూడదు.

ఇప్పుడు లెక్క. నెలకు 18 వేలు రుజువైతే, నలభై ఏళ్ల లోపు వాడు కాబట్టి 40 శాతం భవిష్యత్తు పెంపు కలిపి 25,200. ఏడాదికి 3,02,400. ఆధారపడినవాళ్లు ముగ్గురు, అతని సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 2,01,600. 26 నుంచి 30 ఏళ్ల వయసుకు మల్టిప్లయర్, అంటే ఏడాది మొత్తాన్ని హెచ్చించే సంఖ్య, 17. అంటే 34,27,200. భార్యకు, పాపకు, తల్లికి అతని తోడు పోయినందుకు ఇచ్చే కన్సార్టియం కింద 2023 పెంపు తర్వాత తలా 48,400, అంత్యక్రియలకు, ఎస్టేట్ నష్టానికి (అతను వెనకేసేది పోయినందుకు) 18,150 చొప్పున. మొత్తం 36 లక్షల పైచిలుకు. తప్పు సగం సగం అన్నా 18 లక్షలు. జీతం రుజువు కాక 12 వేలే పట్టుకున్నా, సగం పోగా 12 లక్షల దాకా వస్తుంది. దీని మీద పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ వేరే. రెండు లక్షలతో పోల్చి చూసుకోండి.

ఒక జాగ్రత్త. తప్పు ఎవరిదన్న చర్చ లేకుండా 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు వస్తాయి. అది సెటిల్‌మెంట్‌గా తీసుకుంటే 166వ సెక్షన్ కింద వేసిన మీ అసలు పరిహారం కేసు అక్కడితో ముగిసిపోతుంది. కంపెనీవాళ్లు ఆ మాట తెస్తే మీ లాయరును అడగకుండా ఒప్పుకోవద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి 166 పిటిషన్‌కు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. పాతకాలం వాళ్లు ‘ఎప్పుడైనా వేయొచ్చు’ అంటే వినకండి. కడపలోనే వేయొచ్చు. ఫీజు వచ్చే డబ్బులో శాతంగా మాట్లాడుకోవడం లాయర్లకు నిషేధం, ఆ మాట ఎత్తినవాళ్ల దగ్గర ఫైలు పెట్టొద్దు.

పోలీసు కేసు పెద్దమనుషులు కూర్చుని మాఫీ చేసేది కాదు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన నేరంలో రాజీకి చట్టం ఒప్పుకోదు. మీరు సంతకం పెట్టినా ఆ కేసు ఆగదు, మీ క్లెయిమ్ మాత్రం దెబ్బతింటుంది.

గుంతకల్లు_బ్యాంక్‌మిత్ర

ఒక చిన్న విషయం. మీ తమ్ముడి పాసుబుక్కులో మే నెలాఖరునో జూన్ మొదట్లోనో 20 రూపాయలు కట్ అయ్యాయేమో చూడండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో పోతే నామినీకి 2 లక్షలు. 436 రూపాయలు కూడా కట్ అయి ఉంటే జీవన్ జ్యోతి, అది ఇంకో 2 లక్షలు. కోర్టు కేసుకూ వీటికీ సంబంధం లేదు, తప్పు ఎవరిదని అడగరు. నలభై రోజులు దాటాయి కదా అని ఊరుకోకుండా రేపే ఆ బ్రాంచికి వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. మరణ ధ్రువపత్రం, ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, నామినీ ఆధార్ పట్టుకెళ్లండి. నా కౌంటర్ దగ్గర ఏడాది తర్వాత పాసుబుక్కు ప్రింటు వేయిస్తే ఈ 20 రూపాయల గీత బయటపడి ఏడ్చినవాళ్లను చూశాను.

పెద్దోడు_ఎర్రగుంట్ల

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. అక్కా, మీరు రాసింది నిన్న రాత్రి అమ్మకు చదివి వినిపించాను. పుట్టింటికి ఎందుకు వెళ్లి ఉంటుందో మీరు చెప్పిన చోట అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. పొద్దున తనే చీర మార్చుకుని ‘ముద్దనూరు పోదాం పద’ అంది. ఇద్దరం వెళ్లాం. పాప వచ్చి అమ్మ ఒళ్లో కూర్చుంది.

మరదలి దగ్గరే తమ్ముడి ఫోన్ ఉంది. ఫ్యాక్టరీ ఓనరు ఫోన్‌పేలో పదకొండు సార్లు వేశాడు, పండగ అడ్వాన్సు 7,000తో సహా. పాసుబుక్కులో 20 రూపాయల గీత ఉంది, 436 లేదు. నామినీ ఆమే.

ట్రాక్టర్‌కు ఇన్సూరెన్స్ ఉన్నట్టు యాప్‌లో చూపించింది, ట్రాలీ నంబరు మీద ఏమీ రాలేదు. బండి ఇంకా స్టేషన్ ఆవరణలోనే ఉంది. టీ బంకు ఆయన స్టేట్‌మెంట్ ఇస్తానన్నాడు, ‘ఆ రాత్రి పిల్లోడికి నీళ్లు పట్టింది నేనే’ అన్నాడు. పెద్దమనుషులకు కుదరదని ఫోన్ చేసి చెప్పేశాను. సోమవారం ముగ్గురినీ తీసుకుని కడప కోర్టులో న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తున్నాం. అక్కడ ఏం చెప్పారో వచ్చి రాస్తాను.