బ్రూనో బావర్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి? చదివినవాళ్లు చెప్పండి ప్లీజ్

మార్క్స్ ‘యూదుల సమస్య’ వ్యాసం చదువుతుంటే ఎక్కడ చూసినా ఈ బావర్ పేరే, ఎవరీయన అని కాస్త తవ్వితే జర్మన్ తత్వవేత్త, ఆ కాలపు పెద్ద తత్వవేత్త హెగెల్ దగ్గరే చదువుకున్నాడు, బాన్ యూనివర్సిటీలో థియాలజీ చెబుతూనే సువార్తలు చరిత్ర కాదు రాసినవాళ్ల సృష్టి అని 1841లో పుస్తకం వేయడం మొదలుపెట్టాడు, 1842లో ఉద్యోగం పీకేశారు (ప్రష్యా ప్రభుత్వం ఊరుకుంటుందా మరి). మార్క్స్‌కి మొదట్లో మంచి దోస్తే, తర్వాత మార్క్సే ఎంగెల్స్‌తో కలిసి ‘పవిత్ర కుటుంబం’ పుస్తకంలో ఈయన్ని ఉతికి ఆరేశాడు.

నా డౌట్ ఏంటంటే ఇంత రాడికల్ మనిషి 1848 తర్వాత కన్జర్వేటివ్ల వైపు, యూదు ద్వేషం రాతల వైపు ఎలా పోయాడు? యూదులు ముందు మతం వదిలితేనే విముక్తి (సమాన పౌర హక్కులు) అని 1843లోనే అన్నాడు కదా, బీజం అక్కడే ఉందా లేక 1848 విప్లవం ఫెయిలైన నిరాశా? నాకైతే మొదటిదే అనిపిస్తోంది.

ఇంకోటి, క్రైస్తవం మూలాలు రోమన్ తత్వవేత్త సెనెకా, స్టోయిక్కుల (ఆయన పాటించిన గ్రీకు తత్వశాఖ వాళ్ల) ఆలోచనల్లో ఉన్నాయని 1877లో ‘క్రీస్తు, సీజర్లు’లో వాదించాడు, 1882లో ఆయన పోయినప్పుడు ఎంగెల్స్ కూడా దాన్ని సీరియస్‌గా తీసుకుని వ్యాసం రాశాడు. ఇవాళ్టి బైబిల్ స్కాలర్లు అందులో ఏమైనా ఒప్పుకుంటారా? నాకు జర్మన్ రాదు, ఇంగ్లీషులో ఏది ముందు చదవాలి, తెలుగులో ఈయన మీద వ్యాసమైనా ఉందా?