రెయిడ్ తీసేసి ఒక్క ఎస్‌ఎస్‌డీకి మారొచ్చా?

తణుకు_స్టూడియో: ఆల్బమ్ డిజైన్ చేసే సిస్టమ్‌లో 2 టీబీ హార్డ్‌డిస్కులు రెండు, మదర్‌బోర్డు ఇంటెల్ రెయిడ్ 1లో (రెండిట్లోనూ ఒకే డేటా ఉండే మిర్రర్) ఉన్నాయండి. విండోస్, ఫొటోషాప్, పెళ్ళి ఫైళ్ళు అన్నీ అందులోనే. ఫైలు తెరవాలంటే టీ తాగి రావాల్సిందే. 2 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) కొన్నాను, క్లోన్ చేసి (విండోస్‌తో సహా అంతా ఉన్నదున్నట్టు కాపీ చేసి) పాతవి పీకేద్దామని. మా తమ్ముడేమో రెండున్నచోట ఒకటేంటి అంటున్నాడు. ఏం చేయమంటారు?

డబ్బా_డాక్టర్: మీ తమ్ముడి మాటే కరెక్టండి. పెళ్ళి మళ్ళీ చేయించి ఫొటోలు తీయలేం. హార్డ్‌డిస్కయితే పోయేముందు చాలాసార్లు టిక్కుటిక్కుమంటుంది, స్లో అవుతుంది. ఎస్‌ఎస్‌డీ రాత్రి బాగానే ఉండి పొద్దున బయాస్‌లోనే (విండోస్‌కి ముందు వచ్చే మదర్‌బోర్డు సెటప్) కనిపించదు. ఇంకో ఎన్‌వీఎంఈ కొని మళ్ళీ మిర్రర్ పెట్టండి.

సర్వర్_రూమ్: డాక్టర్ గారూ, రెయిడ్ 1 చేసేది ఒకటే: ఒక డిస్కు చచ్చినా పని ఆగనివ్వదు. ఫోల్డర్ పొరపాటున డిలీట్ చేస్తే రెండిట్లోనూ అదే క్షణంలో పోతుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) వచ్చినా, పవర్ సప్లై కాలి డిస్కుల్ని తీసుకుపోయినా అంతే. ఆ రెండో డ్రైవ్ డబ్బులతో బయటి డిస్కు కొని, బ్యాకప్ తీసి ఇంట్లో పెట్టుకోవడం మేలు.

తణుకు అన్నా, క్లోన్ సాఫ్ట్‌వేర్‌ని విండోస్ లోపలే నడుపు. అక్కడ రెండూ కలిసి ఒకే డిస్కుగా కనిపిస్తాయి కాబట్టి దానికి రెయిడ్ సంగతే తెలియదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే, ఇంటెల్ డ్రైవర్ లేకుంటే డిస్కులు అసలే కనిపించకపోవచ్చు. బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) ఉంటే ముందు సస్పెండ్ చెయ్. క్లోన్ అయ్యాక పాత డిస్కుల కేబుళ్ళు పీకి, కొత్తదొక్కదాంతో మొదటిసారి బూట్ చెయ్.

అందరూ బోల్తా పడేది బయాస్‌లో. రెయిడ్ పోయింది కదా అని సాటా (డిస్కుల కనెక్షన్) మోడ్‌ని ఏహెచ్‌సీఐకి, అంటే రెయిడ్ లేని మామూలు మోడ్‌కి మారుస్తారు, వెంటనే నీలం తెర, 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్'. నిజానికి మార్చక్కర్లేదు, రెయిడ్ మోడ్‌లో ఒంటరి డ్రైవ్ కూడా మామూలుగానే నడుస్తుంది. మార్చాల్సిందే అంటే, ముందు బీసీడీఎడిట్ అనే విండోస్ కమాండ్‌తో సేఫ్‌బూట్ మినిమల్ (సేఫ్ మోడ్‌లో లేవమనే సెట్టింగ్) పెట్టి, రీస్టార్ట్‌లో నేరుగా బయాస్‌లోకెళ్ళి మోడ్ మార్చు. ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక సేఫ్‌బూట్ తీసెయ్. కంట్రోల్ ఐ నొక్కితే వచ్చే రెయిడ్ మెనూలో రెయిడ్ వాల్యూమ్ డిలీట్ జోలికి మాత్రం ఇప్పుడే పోకు.

పాత_పెంటియం: క్లోన్ ఎందుకండీ, ఏళ్ళనాటి చెత్తంతా మోసుకెళ్ళడానికా? ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేసుకోండి.

తణుకు_స్టూడియో: ప్లగిన్లు, ఫాంట్లు, ఆల్బమ్ టెంప్లేట్లు మళ్ళీ ఎక్కించాలంటే ముహూర్తాల సీజన్ అయిపోతుందండి.

డబ్బా_డాక్టర్: అదే నేననేది! సీజన్‌లో ఏ స్టూడియోవాడు రోజూ బ్యాకప్ తీస్తాడు? మనిషి మర్చిపోతాడు, మిర్రర్ మర్చిపోదు.

సర్వర్_రూమ్: రోజూ తీయరన్నది నిజమే. ఆటోమేటిక్‌గా షెడ్యూల్ పెట్టుకోవాలి. కానీ మిర్రర్‌ని చూసే మనిషి కూడా ఉండాలి కదా? అన్నా, ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ (రెయిడ్ స్థితి చూపే ప్రోగ్రామ్) తెరిచి స్టేటస్ ఏముందో చెప్పు. అలాగే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయాస్ మోడ్ చూడు.

తణుకు_స్టూడియో: బయాస్ మోడ్ లెగసీ అనుందండి. స్టేటస్ 'డిగ్రేడెడ్'. డిస్కు ఒకటే చూపిస్తోంది. ఎప్పటినుంచో తెలీదు.

సర్వర్_రూమ్: అంటే నువ్వు ఇప్పటికే ఒక్క డిస్కు మీద నడుస్తున్నావు, అదీ పాతది.

డబ్బా_డాక్టర్: సరే, వాదన తర్వాత. ముందు క్లోన్ కూడా వద్దు. పెళ్ళి ఫైళ్ళు బయటి డిస్కుకి కాపీ చేయండి, ఇంకా డెలివరీ ఇవ్వని ఆల్బమ్‌లతో మొదలుపెట్టి. కాపీ అయ్యేదాకా రీస్టార్ట్ చేయకండి. రెండో ఎన్‌వీఎంఈ మాట మాత్రం నేను వదల్లేదు.

సర్వర్_రూమ్: లెగసీ (పాత బూట్ పద్ధతి) కాబట్టి ఇంకో పని ఉంది. ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవ్వాలంటే సాధారణంగా యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి) కావాలి. విండోస్ 10 1703 వెర్షన్ నుంచి డిస్కుని దానికి తగ్గట్టు మార్చే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ లోపలే ఉంది. కాపీ అయ్యాక మదర్‌బోర్డు మోడల్ పెట్టు, అది ఎన్‌వీఎంఈ బూట్ ఇస్తుందో లేదో చూద్దాం.